ఉప్పునీళ్ళ సీసా

మెల్‌బోర్న్ మ్యూజియంలో ఒక గుర్రం ఉంది. మసక వెలుతురులో, అద్దాల వెనక, చెవులు నిక్కబొడుచుకుని నిలబడి ఉంటుంది. ఎర్రటి మేను, నున్నగా దువ్విన జూలు. చచ్చిపోయి తొంభై ఏళ్ళు దాటినా జనం ఇంకా దాన్ని చూడ్డానికి వస్తూనే ఉన్నారు. నేను వెళ్ళిన రోజున నా ముందు ఒక పెద్దాయన, మనవడు కాబోలు, ఒక కుర్రాడికి దాని కథ చెప్తున్నాడు. ఇది పరిగెడితే ఇంకో గుర్రం గెలిచేది కాదనీ, అమెరికా తీసుకెళ్తే అక్కడ విషం పెట్టి చంపేశారనీ.

దాని పేరు ఫార్ లాప్. 1926లో న్యూజిలాండ్‌లో పుట్టింది. ఆస్ట్రేలియాలో పనులు లేక జనం అల్లాడుతున్న రోజుల్లో పందేల మీద పందేలు గెలిచింది. మొత్తం 51 పరిగెత్తితే 37 గెలుపులు. 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచింది. 1932 మార్చి 20న మెక్సికోలో అగ్వా కాలియెంతే అనే చోట పెద్ద పందెం గెలిచింది. ఆ తరవాత పదహారు రోజులకి, ఏప్రిల్ 5న, కాలిఫోర్నియాలో కడుపునొప్పితో గిలగిల్లాడి చచ్చిపోయింది. దాని గుండె ఇప్పుడు కాన్‌బెరాలో ఉంది, ఎముకలు వెల్లింగ్టన్‌లో ఉన్నాయి, చర్మం మెల్‌బోర్న్‌లో ఉంది. రెండు దేశాలు, మూడు ఊళ్ళు ఒక్క గుర్రాన్ని పంచుకున్నాయి.

ఆ అద్దం ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్రం మీద జాలి కన్నా ముందు ఒక సందేహం వచ్చింది. అది వృత్తిదోషం. నేను చాలా ఏళ్ళు ఒక ప్రయోగశాలలో నీళ్ళలో ఆర్సెనిక్ కొలిచే పని చేశాను. ఫార్ లాప్‌కి పెట్టారని అనుమానించిన విషం ఆర్సెనిక్. కానీ ఆ కాలంలో జంతువుల చర్మం పురుగుపట్టకుండా నిలవ ఉండడానికి పట్టించే మందు కూడా ఆర్సెనిక్కే. పద్ధెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులోని మెట్జ్ ఊరి బెకర్ అనే ఆయన సబ్బు, కర్పూరం, సున్నం, ఆర్సెనిక్ కలిపి చేసిన ముద్దతో మొదలై, మ్యూజియంలలో పక్షులూ జంతువులూ రెండువందల ఏళ్ళు దాని పుణ్యానే నిలబడ్డాయి. మరి ఈ చర్మంలో ఆర్సెనిక్ ఉందా అని వెతికితే ఉండకుండా ఎలా ఉంటుంది? చంపిందన్న అనుమానం దేనిమీద ఉందో, చచ్చాక కాపాడిందీ అదే. సాక్ష్యాన్ని దాచిపెట్టినవాడే ముద్దాయి అయితే ఆ సాక్ష్యాన్ని ఎలా నమ్మడం?

శవంలోనో, వెంట్రుకలోనో, చర్మంలోనో లోహం జాడ దొరికినప్పుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగున్నాయి. ఉందా? ఉంటే, బతికుండగా లోపలికి వెళ్ళిందా, చచ్చాక బయట్నుంచి పట్టిందా? వెళ్ళి ఉంటే, ఎప్పుడు వెళ్ళింది? వెళ్ళేలా చేసినది ఎవరు? మొదటి ప్రశ్నకి జవాబు దొరకగానే నాలుగో ప్రశ్నకి కూడా జవాబు దొరికేసిందని అనుకోవడం మనుషుల బలహీనత. ఈ విద్య చరిత్ర అంతా ఆ బలహీనతతో పెనుగులాటే అని నాకనిపిస్తుంది.

*

ఆర్సెనిక్‌కి మన మాట పాషాణం. అంటే రాయి. శంఖపాషాణం అంటే తెల్ల ఆర్సెనిక్. ఎలుకల పాషాణం అన్న మాట మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ వినబడేది. రసాయనశాస్త్రం లెక్కలో ఆర్సెనిక్ పూర్తి లోహం కాదు, అర్ధలోహం. కానీ విషాల శాస్త్రం దాన్ని సీసం, పాదరసాలతో కలిపి లోహవిషాల వరసలోనే కూచోబెడుతుంది.

యూరప్‌లో హంతకులకి ఇది ఎందుకంత ఇష్టమైందో చెప్పడం కష్టం కాదు. తెల్లటి పొడి. రుచి లేదు, వాసన లేదు. ఎలుకల కోసం అని చెప్తే కొట్లో ఇచ్చేవాళ్ళు. తిన్నవాడికి వాంతులు, విరేచనాలు. చూసినవాళ్ళు కలరా అనుకునేవారు. అన్నిటికన్నా ముఖ్యం, పోయినవాడి కడుపులో అది ఉందని న్యాయస్థానంలో చూపించడానికి నమ్మకమైన దారి లేదు.

ఆ దారి వేసినవాడు జేమ్స్ మార్ష్. లండన్ దగ్గర ఊలిచ్‌లో ఆయుధాల కర్మాగారంలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త. 1830ల మొదట్లో జార్జ్ బోడిల్ అనే ముసలాయన కాఫీ తాగి చనిపోయాడు. మనవడు జాన్ మీద అనుమానం. మార్ష్ అప్పటికి తెలిసిన పరీక్ష చేశాడు, ఆర్సెనిక్ ఉన్నట్టు పసుపుపచ్చ మడ్డి దిగింది. కానీ జ్యూరీకి చూపించే వేళకి అది పాడైపోయి రంగు పోయింది. తాము చూడలేని దాన్ని జ్యూరీ నమ్మలేదు. మనవడు విడుదలై, తరవాత నేరం తనదేనని ఒప్పుకున్నాడు.

ఆ ఓటమిలోంచి 1836లో మార్ష్ పరీక్ష వచ్చింది. అనుమానం ఉన్న పదార్థాన్ని జింకుతోనూ ఆమ్లంతోనూ కలిపితే ఉదజని పుడుతుంది. అందులో ఆర్సెనిక్ ఉంటే అది ఉదజనితో జతకట్టి వాయువై పైకి లేస్తుంది. ఆ వాయువుని వేడి గొట్టంలోంచి పంపితే ఆర్సెనిక్ విడిపోయి చల్లటి గాజు మీద నల్లటి అద్దంలా పేరుకుంటుంది. మిల్లీగ్రాములో యాభయ్యో వంతు ఉన్నా చాలు, కంటికి కనబడుతుంది. పాడవదు. చేతికిచ్చి చూసుకోండి అనొచ్చు. మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. 

చిక్కు కూడా అక్కణ్ణుంచే మొదలయింది. అంత కొంచెం కూడా కనబడుతుందంటే, ఆ కొంచెం ఎక్కణ్ణుంచైనా వచ్చి ఉండొచ్చు కదా!

*

ఆ సంగతి నాలుగేళ్ళలోనే తెలిసింది. ఫ్రాన్సులో మారీ కాపెల్ అనే అమ్మాయికి 1839లో లె గ్లాండియే అనే చోట ఇనుప కర్మాగారం ఉన్న షార్ల్ లఫార్జ్‌తో పెళ్ళయింది. పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పిన ఆస్తిపాస్తులు అక్కడికెళ్ళి చూస్తే లేవు. శిథిలమైన ఇల్లు, ఎలుకలు, అప్పులు. ఆమె ఎలుకల కోసమని ఆర్సెనిక్ తెప్పించింది. 1840 జనవరి 14న భర్త వాంతులతో, కడుపు మంటతో చనిపోయాడు.

విచారణ తూల్ అనే ఊళ్ళో జరిగింది. అతను తిన్న పదార్థాల్లో ఆర్సెనిక్ బోలెడు దొరికింది. కానీ శవంలో? స్థానిక రసాయనజ్ఞులు మార్ష్ పరీక్ష చేస్తే కడుపులో లేదన్నారు. సమాధి తవ్వి మళ్ళీ చేస్తే మళ్ళీ లేదన్నారు. అప్పుడు పారిస్ నుంచి మథ్యూ ఆర్ఫిలాని పిలిపించారు. విషాల శాస్త్రానికి మూలపురుషుడని పేరున్నవాడు. మింగిన విషం కడుపులోనే ఉండిపోదనీ, రక్తంలో కలిసి కాలేయంలాంటి భాగాల్లోకి చేరుతుందనీ చూపించినవాడు. ఆయన పరీక్ష చేసి, ఉంది అన్నాడు.

నాకు ఈ కథలో ముఖ్యమనిపించేది ఆ 'ఉంది' కాదు, దాని వెంట ఆయన చెప్పిన మూడు 'కాదు'లు. ఈ ఆర్సెనిక్ పరీక్షకి వాడిన మందుల్లోంచి వచ్చింది కాదు. సమాధి చుట్టూ ఉన్న మట్టిలోంచి వచ్చింది కాదు. మనిషి దేహంలో సహజంగా ఉండేదీ కాదు. అంటే, రెండో ప్రశ్న అడగాలని ఆయనకి తెలుసు. మందుల్ని విడిగా, మట్టిని విడిగా పరీక్షించాడు కూడా. కానీ మూడో 'కాదు' సంగతి చూడండి. మనిషి ఎముకల్లో సహజంగానే ఆర్సెనిక్ ఉంటుందని అంతకుముందు ఏడాదే ఆయన గట్టిగా చెప్పి ఉన్నాడు. విచారణ అయిన తరవాత ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. శాస్త్రంలో తప్పు దిద్దుకోవడం మామూలే. కానీ సెప్టెంబరు 19న మారీకి యావజ్జీవ శిక్ష పడిపోయింది. ఆర్ఫిలాతో వాదించడానికి ఆమె తరఫువాళ్ళు పిలిపించిన రస్పాయ్ అనే శాస్త్రవేత్త తూల్ చేరేసరికే తీర్పు అయిపోయింది. పన్నెండేళ్ళ తరవాత, జబ్బుతో ఉన్న ఆమెని విడుదల చేశారు. ఆ ఏడాదే చనిపోయింది.

ఆమె విషం పెట్టిందా లేదా అన్నదాని మీద పుస్తకాలు ఇప్పటికీ వస్తున్నాయి. పెట్టి ఉండొచ్చనే చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆమె నేరస్థురాలని తేల్చింది మాత్రం అప్పటికింకా పునాది ఆరని ఒక శాస్త్రం.

పునాది ఎంత పచ్చిదో 1859లో ఇంగ్లండులో బయటపడింది. థామస్ స్మెథర్స్ట్ అనే వైద్యుడు, భార్య ఉండగానే పెళ్ళాడిన ఇసబెల్లా బ్యాంక్స్‌ని విషం పెట్టి చంపాడని అభియోగం. ఆ దేశంలో విషాల విషయంలో అందరికన్నా పెద్ద నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ టేలర్ రాగి జాలీతో చేసే పరీక్ష చేసి ఒక సీసాలో ఆర్సెనిక్ ఉందన్నాడు. తరవాత తనే ఒప్పుకున్నాడు: ఆ సీసాలోని ఉప్పు రాగిని కరిగించింది, రాగిలో మలినంగా ఉన్న ఆర్సెనిక్కే బయటకొచ్చింది అని. అంటే వెతికే వలలోనే చేప ఉంది. అయినా స్మెథర్స్ట్‌కి ఉరిశిక్ష వేశారు. వైద్యులూ పత్రికలూ గోల పెడితే, ప్రభుత్వం ఇంకో వైద్యుడి అభిప్రాయం అడిగి క్షమాభిక్ష ఇచ్చింది. రెండో పెళ్ళి చేసుకున్నందుకు మాత్రం జైలుకి పంపారు.

టేలర్‌ని నేను వెక్కిరించలేను. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

మేం నీళ్ళలో ఆర్సెనిక్ కొలిచే యంత్రం చూడ్డానికి ఆధునికమే కానీ, దాని గుండెకాయ మార్ష్ పరీక్షే. ఆమ్లం కలిపి, ఆర్సెనిక్‌ని వాయువుగా మార్చి, వేడి గొట్టంలోకి పంపి, అక్కడ దీపకాంతి ఎంత పీల్చుకుందో చూస్తాం. శాంపిళ్ళతోపాటు ఏమీ లేని శుద్ధమైన నీళ్ళని కూడా అదే ఆమ్లంతో, అదే గిన్నెల్లో పరీక్షిస్తాం. దాన్ని బ్లాంకు అంటాం. బ్లాంకులో సున్నా రావాలి. వస్తేనే మిగతా అంకెలకి అర్థం. ఒక రోజు బ్లాంకు చేశాక ఆమ్లం అయిపోయింది. కొత్త సీసా తెరిచి శాంపిళ్ళు చేసుకుపోయాను. మళ్ళీ బ్లాంకు చెయ్యలేదు. సాయంత్రం బస్సు ఉంది. ఒక ఊరి బోరు నీళ్ళలో ఉండవలసిన దానికి నాలుగు రెట్లు ఆర్సెనిక్ ఉందని రాసి సంతకం పెట్టాను.

వాళ్ళు ఆ బోరు మూసేశారు. మూడు వారాల తరవాత ఇంకో పని మీద బ్లాంకు చేస్తే, శుద్ధమైన నీళ్ళలో కూడా ఆర్సెనిక్ వచ్చింది. సీసా సంగతి అప్పుడు తెలిసింది. ఊరికి ఫోను చేసి నీళ్ళు మంచివేనని చెప్పాను. ఆ మూడు వారాలూ ఆడవాళ్ళు అవతలి ఊరి చెరువు నుంచి మోసుకున్నారట. ఫోనులో ఉన్నాయన తిట్టలేదు. "మరి ఈసారి చెప్పింది ఖాయమేనా సార్?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

*

రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ ఒకే చోట జవాబు దొరుకుతుందని తెలిసింది ఆలస్యంగా. ఆ చోటు వెంట్రుక. గోరు కూడా. రెండూ కెరటిన్ అనే ప్రోటీనుతో తయారవుతాయి, కెరటిన్‌లో గంధకం ఎక్కువ, ఆర్సెనిక్‌కి గంధకం అంటే వల్లమాలిన ప్రేమ. రక్తంలో ఆర్సెనిక్ తిరుగుతున్నప్పుడు వెంట్రుక కుదురులో ఏ భాగం తయారవుతోందో ఆ భాగంలో చిక్కుకుంటుంది. తల వెంట్రుక నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అంచేత అది ఒక డైరీ. కుదురు దగ్గర నిన్నటి పేజీ, చివర ఏడాది కిందటి పేజీ.

ఈ డైరీని చదివిన ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది ఉత్తరధ్రువానికి దగ్గర్లోది. అమెరికా నుంచి ధ్రువయాత్రకి వెళ్ళిన చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్ 1871లో, గ్రీన్‌లాండ్ ఉత్తరాన, స్లెడ్జి యాత్ర నుంచి ఓడకి తిరిగొచ్చి ఒక కప్పు కాఫీ తాగాడు. జబ్బుపడ్డాడు. రెండు వారాలు ఓడ వైద్యుడే తనకి విషం పెడుతున్నాడని అరిచి, నవంబరు 8న చనిపోయాడు. విచారణ జరిపి, సహజమరణమే అన్నారు. 1968లో చాన్సీ లూమిస్ అనే ఆచార్యుడు వెళ్ళి సమాధి తెరిచాడు. గడ్డకట్టిన నేల ఆ శరీరాన్ని దాదాపు వందేళ్ళు నిలిపి ఉంచింది. వెంట్రుకలూ గోళ్ళూ టొరంటో ప్రయోగశాలకి పంపారు.

ఆర్సెనిక్ దొరికింది. కానీ అక్కడి మట్టిలోనూ ఆర్సెనిక్ ఉంది. మట్టిలోంచే ఊరి ఉండొచ్చు కదా అంటే? జవాబు గోరు చెప్పింది. మట్టిలోంచి ఊరితే గోరంతా ఇంచుమించు ఒకలాగే పట్టాలి. కానీ గోరు కొస కన్నా మొదట్లో చాలా ఎక్కువ ఉంది. గోరు మొదలు అంటే చివరి రోజులు. అంటే ఆఖరి రెండు వారాల్లో హాల్ ఒంట్లోకి ఆర్సెనిక్ పెద్ద మోతాదులో వెళ్ళింది. మూడు ప్రశ్నలకీ జవాబు వచ్చింది. నాలుగోదానికి రాలేదు. ఎందుకంటే ఆ కాలంలో ఆర్సెనిక్ విషమే కాదు, మందు కూడా. తనంతట తను వేసుకుని ఉండొచ్చు. లూమిస్ కూడా వైద్యుణ్ణి హంతకుడని తేల్చలేదు.

నెపోలియన్ జుట్టు కథ దీనికి తిరగేసిన కథ. 1821లో సెంట్ హెలెనా దీవిలో చనిపోయినప్పుడు ఆయన జుట్టు కత్తిరించి ఆప్తులు దాచుకున్నారు. సేవకుడు మార్షాన్ జ్ఞాపకాలు చదివిన స్టెన్ ఫోర్షువుద్ అనే స్వీడన్ పళ్ళ డాక్టరుకి, ఆ జబ్బు లక్షణాలు ఆర్సెనిక్ లక్షణాల్లా కనిపించాయి. గ్లాస్గోలో హామిల్టన్ స్మిత్ ఆ వెంట్రుకల్ని అణురియాక్టరులో న్యూట్రాన్లతో కొట్టించి పరీక్షించాడు. న్యూట్రాన్ మింగిన ఆర్సెనిక్ కొన్నాళ్ళు తనదైన కిరణాలు వెదజల్లుతుంది. వాటిని లెక్కపెడితే ఎంతుందో తెలుస్తుంది. మామూలు కన్నా చాలా ఎక్కువ ఉందని 1961లో నేచర్ పత్రికలో రాశారు. ఇంకేముంది, నెపోలియన్‌ని చంపినవాడెవరు అని పుస్తకాలు వెల్లువెత్తాయి.

తరవాత డేవిడ్ జోన్స్ అనే రసాయనజ్ఞుడు ఒక మామూలు ప్రశ్న వేశాడు: ఆ ఇంట్లో గోడకాగితం ఏ రంగు? నెపోలియన్ గది గోడకాగితం ముక్క ఒకటి దొరికింది. అందులో ఆకుపచ్చ రంగుంది; ఆ రోజుల్లో ఆ ఆకుపచ్చని రాగితోనూ ఆర్సెనిక్‌తోనూ చేసేవారు. తేమకి బూజు పట్టిన గోడ అయితే అది గాలిలోకి కూడా చేరుతుంది. 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. చనిపోయేనాటి వెంట్రుకలతోపాటు నెపోలియన్ చిన్నప్పటి వెంట్రుకలు, ఎల్బా ద్వీపంలో ఉన్నప్పటివి, భార్య జోసెఫిన్‌వి, కొడుకువి తెచ్చి పరీక్షించారు. అన్నిట్లోనూ ఆర్సెనిక్ ఇవాళ్టి మన జుట్టులో కన్నా సుమారు వంద రెట్లు ఉంది. చిన్నప్పుడూ ఉంది, చివర్లోనూ ఉంది. ఆ కాలంలో గోడలో, మందులో, రంగులో అంతటా ఉన్నదే వాళ్ళ ఒంట్లోనూ ఉంది.

తప్పు మొదటి కొలతలో లేదు. ఆ కొలత సరైనదే. కానీ దాన్ని పక్కన పెట్టి చూడ్డానికి బ్లాంకు లేదు. మన జుట్టుతో పోల్చారు. పోల్చవలసింది ఆ కాలపు జుట్టుతో. జోసెఫిన్ జుట్టు నెపోలియన్ జుట్టుకి బ్లాంకు.

*

ఇప్పుడు మళ్ళీ గుర్రం దగ్గరికి వద్దాం.

ఇవాన్ కెంప్సన్, డెర్మట్ హెన్రీ అనే ఇద్దరు ఫార్ లాప్ జూలులోంచి ఆరు వెంట్రుకలు తీశారు. చికాగో దగ్గర ఆర్గాన్ ప్రయోగశాలలోని సింక్రోట్రాన్‌కి తీసుకెళ్ళారు. ఎలక్ట్రాన్లని పెద్ద వలయంలో తిప్పి, దాంట్లోంచి సన్నటి, చాలా బలమైన ఎక్స్‌కిరణం పుట్టించే యంత్రం అది. ఆ కిరణంతో ఒక్క వెంట్రుకలో ఆర్సెనిక్ ఎక్కడెక్కడుందో పటం గీయొచ్చు. అంతకన్నా ముఖ్యం, ఆ ఆర్సెనిక్ దేనితో జతకట్టి ఉందో కూడా తెలుసుకోవచ్చు. ఎందుకంటే గంధకాన్ని పట్టుకున్న ఆర్సెనిక్, ప్రాణవాయువుని పట్టుకున్న ఆర్సెనిక్ ఎక్స్‌కిరణాన్ని పీల్చుకునే చోటులో కొంచెం తేడా ఉంటుంది.

నా సందేహానికి జవాబు అందులో ఉంది. చర్మానికి పట్టించిన ఆర్సెనిక్ ఒక రూపంలో ఉంది. రక్తంలోంచి వెంట్రుక కుదురులోకి వచ్చినది ఇంకో రూపంలో ఉంది. కాపాడిన పాషాణాన్నీ చంపిన పాషాణాన్నీ వేరు చెయ్యొచ్చన్నమాట. వెంట్రుకలో రెండో రకం ఉన్న చోటుని బట్టి, గుర్రం చావుకి 30, 40 గంటల ముందు పెద్ద మోతాదు ఒంట్లోకి వెళ్ళిందని 2010లో ప్రచురించారు. ఆరు వెంట్రుకలతో, డెబ్భై ఎనిమిదేళ్ళ తరవాత, గంటల లెక్క! 

మరి ఎవరు పెట్టారు? పందేల ముఠాలని జనం అంటారు. చుట్టుపక్కల చెట్లకి చల్లిన పురుగుమందు గడ్డిమీద పడిందని అప్పట్లో కొందరన్నారు. ఇంకో సంగతి ఉంది. ఆ రోజుల్లో గుర్రాలకి ఆకలి పెరగడానికి, ఒళ్ళు నిగనిగలాడ్డానికి ఆర్సెనిక్ కలిపిన టానిక్కులు పట్టేవారు. ఫార్ లాప్‌కి శిక్షణ ఇచ్చిన హారీ టెల్ఫర్డ్ చేతిరాత పుస్తకం ఒకటి ఇప్పుడు అదే మ్యూజియం దగ్గరుంది. అందులో రాసుకున్న టానిక్కుల్లో ఆర్సెనిక్ ఉంది. చంపాలని శత్రువు పెట్టాడో, ప్రేమతో ఎవరో ఒక చెంచా ఎక్కువ పట్టారో వెంట్రుక చెప్పదు. ఆ పెద్దాయన మనవడికి చెప్పిన కథలో చాలా భాగం నిజమే కావచ్చు. 'చంపేశారు' అన్న ఒక్క క్రియాపదానికి మాత్రం ఎక్స్‌కిరణం దగ్గర సాక్ష్యం లేదు.

*

నాలుగో ప్రశ్నకి జవాబు రసాయనశాస్త్రం ఇవ్వదు. అది ఇవ్వని చోట సమాజం తన దగ్గర తయారుగా ఉన్న జవాబు తెచ్చి పెడుతుంది. దీనికి ఉదాహరణ కోసం ఫ్రాన్సు దాకా వెళ్ళనక్కర్లేదు.

మన దేశంలో శవభాగాల్లో విషం వెతికే ప్రభుత్వ ప్రయోగశాల మొదట 1849లో మద్రాసులో వెలిసింది. తరవాత కలకత్తా, ఆగ్రా, బొంబాయి. మన తెలుగు జిల్లాలు చాలావరకు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే. మనుషుల కేసులతోపాటు పశువుల కేసులు కూడా ఇలాంటి చోట్లకి వచ్చేవి. 19వ శతాబ్దం రెండో సగంలో ఉత్తరాదిన పశువులు చనిపోతే, తోళ్ళ కోసం చమార్లు ఆర్సెనిక్ పెట్టి చంపుతున్నారని అధికారులు నమ్మారు. ఒక కులం మొత్తానికి విషం పెట్టేవాళ్ళన్న ముద్ర ఆ కాలపు ప్రభుత్వ కాగితాల్లో ఎలా పడిందో సౌరభ్ మిశ్రా అనే చరిత్రకారుడు వివరంగా రాశాడు.

ఆ కేసుల్లో కొన్ని నిజమై ఉండొచ్చు. కానీ నాలుగు ప్రశ్నలూ వరసగా అడిగి చూడండి. చమారు ఇంట్లో ఆర్సెనిక్ దొరికింది. దొరక్కేం? తోళ్ళు పురుగుపట్టకుండా ఆర్సెనిక్ పట్టించడం ఆ వ్యాపారంలో మామూలు; అలా పట్టించిన తోళ్ళు కలకత్తా నుంచి ఎగుమతయ్యేవి కూడా. ఫార్ లాప్ చర్మానికి పట్టించిందీ అదే సరుకు. పశువులు విరేచనాలతో మందలు మందలుగా చచ్చిపోయాయి. రిండర్‌పెస్ట్ అనే జాడ్యం వచ్చినా అలాగే చస్తాయి, ఆ రోజుల్లో అది దేశమంతా ఉంది. మెల్‌బోర్న్ గుర్రానికి దొరికిన అనుమానపు లాభం తోలుపని చేసేవాడికి దొరకలేదు. 'ఎవరు' అన్న ప్రశ్నకి జవాబు, శాంపిల్ సీసాలోకి చేరకముందే ఊళ్ళో తయారై ఉంది. మారీ లఫార్జ్‌కి కూడా అంతే. మొగుణ్ణి అసహ్యించుకున్న పారిస్ పిల్ల, ఇంకెవరు పెడతారు?

ఇవాళ్టికీ మన పేపర్లలో 'విసెరా నివేదిక రావాలి' అన్న వాక్యం తరచుగా కనబడుతుంది. అనుమానాస్పద మరణం అయితే కడుపు, పేగు, కాలేయం, మూత్రపిండం ముక్కలు సీసాల్లో పెట్టి ప్రయోగశాలకి పంపుతారు. చెడిపోకుండా ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్ళు పోస్తారు. మన దేశంలో వైద్యవిద్యార్థులు తరతరాలుగా చదువుతున్న డాక్టర్ కె. ఎస్. నారాయణరెడ్డిగారి పుస్తకంలాంటివి తిరగేస్తే ఇంకో నియమం కూడా ఉంటుంది: వాటితోపాటు ఒక సీసాలో ఆ ఉప్పునీళ్ళు మాత్రం, ఏ ముక్కా వెయ్యకుండా, విడిగా పంపాలి. సమాధి తవ్వి తీసిన శవమైతే, శవం పైన, కింద, పక్కన ఉన్న మట్టి, దూరంగా ఉన్న మట్టి కూడా పంపాలి. ఆర్ఫిలా తూల్‌లో చేసినదీ, స్మెథర్స్ట్ కేసులో టేలర్ చెయ్యనిదీ ఇప్పుడు ఆ రెండు వాక్యాల్లో ఉంది.

నన్నడిగితే, ఆ సీసాల పెట్టెలో అన్నిటికన్నా విలువైనది ఏమీ లేని ఆ ఉప్పునీళ్ళ సీసాయే. కాలేయం ముక్క మనం అడిగినదానికి జవాబు చెప్తుంది. ఉప్పునీళ్ళు మనల్నే అడుగుతాయి: ఇది నీ చేతిలోంచి రాలేదు కదా అని. రసాయనశాలలో ఆ ప్రశ్న వేసుకోవడం నేర్చుకోడానికి చాలా కాలం పట్టింది. మా ఊళ్ళలో ఎవరైనా అకస్మాత్తుగా చనిపోయినప్పుడు, కోడలి వైపో, పాలేరు వైపో, పరకులం వాడి వైపో వేలు లేచే వేగం చూస్తుంటే, రసాయనశాల బయట ఆ సీసా పెట్టుకోవడం మనం ఇంకా మొదలుపెట్టలేదనిపిస్తుంది.

ఆ బోరు ఊరాయన అడిగిన ప్రశ్న నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తరవాత నా ఉద్యోగంలో సీసా మార్చిన ప్రతిసారీ బ్లాంకు మళ్ళీ చేశాను. చాలాసార్లు బస్సు తప్పిపోయింది.